శభాష్: ఈ మాట ఎక్కడిది, ఎవరు ఎవరిని అనవచ్చు?

గుండ్లకమ్మ (ఆదివారం, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. నిన్న మా ఊరి బడిలో పూర్వ విద్యార్థులమంతా కలుసుకొన్నాము. ఎనిమిదో తరగతిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు, ఇప్పుడు ఎనభై దాటిన మనిషి, అందరూ పట్టుబట్టగా వేదిక ఎక్కి, హార్మోనియం లేకుండానే శ్రుతి పట్టుకొని, పాండవోద్యోగం నాటకంలోని రాయబారం పద్యం ఒకటి రాగయుక్తంగా పాడారు. చివరి పాదం మీద తీసిన రాగం ఇంకా ముగియకముందే నేను ఉండబట్టలేక ముందు వరుసలోంచి లేచి "శభాష్ మాస్టారూ!" అని గట్టిగా అన్నాను. చప్పట్లు మోగాయి గాని, మాస్టారు మాత్రం ఒక్క క్షణం నా వైపు చూసి, చిన్నగా నవ్వి, చేతికర్ర అందుకొని దిగిపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "శభాష్ అనేది ఆయన నిన్ను అనవలసిన మాట బాబూ, నువ్వు ఆయనను అనవలసినది కాదు" అన్నారు.

అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. నా సందేహాలు రెండు. ఈ మాట మనకు ఎక్కడినుంచి వచ్చింది? చిన్నవాడు పెద్దవాడిని శభాష్ అనకూడదన్న నియమం ఆ మాట పుట్టుకలోనే ఉన్నదా, లేక మన వాడుకలో తర్వాత ఏర్పడినదా? ఇది "శుభాశీస్సు" అనే సంస్కృత పదం నలిగి ఏర్పడినదని, అందుకే పెద్దలు పిన్నలను మాత్రమే అంటారని మిత్రుడొకరు వాట్సాప్‌లో ఒక సందేశం పంపారు. చదవడానికి నమ్మకంగానే ఉంది గాని, తెలిసినవారిని అడగకుండా ఒప్పుకోబుద్ధి కాలేదు.

పాతపుస్తకం (ఆదివారం, రాత్రి 11:05)

గుండ్లకమ్మ గారూ, ఒప్పుకోకపోవడమే మంచిదైంది. శభాష్‌కు, శుభాశీస్సుకు చుట్టరికం లేదు. ఇది పారసీక భాషలోని "షాద్ బాష్" అనే రెండు మాటల కలయిక. షాద్ అంటే సంతోషంగా ఉన్న అని అర్థం. బాష్ అంటే "ఉండు" అనే ఆజ్ఞ. రెండూ కలిస్తే "సంతోషంగా ఉండు" అని. వేగంగా పలికేటప్పుడు నడిమి దకారం బకారం ముందు నిలవలేక జారిపోయి, షాబాష్ మిగిలింది. జాన్ ప్లాట్స్ 1884లో అచ్చువేయించిన ఉర్దూ, హిందీ నిఘంటువు కూడా ఇదే వ్యుత్పత్తిని చెబుతుంది.

అరగకముందు ఈ మాట ఎలా ఉండేదో పారసీక కవిత్వంలో నేటికీ చూడవచ్చు. పదో శతాబ్దపు కవి రూదకీ బుఖారా నగరాన్ని పిలిచి "ఓ బుఖారా, షాద్ బాష్" అని, ఆ వెంటనే "చిరకాలం జీవించు" అని పాడాడు. దాని వెనుక ఒక కథ ఉంది. సామానీ రాజు నస్ర్ హెరాత్ ప్రాంతపు చల్లగాలికి, ద్రాక్షపండ్లకు మరిగి ఏళ్ల తరబడి రాజధానికి తిరిగి వెళ్లలేదట. ఇల్లూవాకిలీ విడిచి విసిగిపోయిన సేనానులు రూదకీ దగ్గరకు వెళ్లి, రాజును కదిలించగలిగితే 5,000 దీనారాలు ఇస్తామన్నారు. ఆయన పొద్దున్నే వాద్యం అందుకొని ఆ పాట ఎత్తుకొనేసరికి, రాజు సింహాసనం దిగి, కాళ్లకు జోళ్లయినా తొడుక్కోకుండా గుర్రమెక్కి బుఖారా దారి పట్టాడని, పరివారం జోళ్లు పట్టుకొని వెంటపడిందని, సేనానులు సంతోషించి కవికి అన్న సొమ్ముకు రెట్టింపు ఇచ్చారని పన్నెండో శతాబ్దపు రచయిత నిజామీ అరూజీ రాశాడు. ఎంత నిజమో ఎంత అల్లికో గాని, షాద్ బాష్ అనే మాట అంతకుముందే కవుల నోట పండిన మాట అన్నది మాత్రం స్పష్టం.

పదమూడో శతాబ్దంలో రూమీ తన మస్నవీ మొదటి పుటల్లోనే ప్రేమను మనిషిని పిలిచినట్టు పిలిచి షాద్ బాష్ అంటాడు. అక్కడ అది దీవెనకు, మెచ్చుకోలుకు సరిగ్గా నడుమ నిలిచినట్టు ఉంటుంది. మన శభాష్ ఆ నడిమి చోటునుంచి ఒక అడుగు మెచ్చుకోలు వైపు జరిగింది, అంతే.

మూసీతీరం (సోమవారం, ఉదయం 7:15)

పాతపుస్తకం గారు చెప్పిన షాద్ అనే మాట మనకు కొత్తది కాదు. ఊరూరా షాదీఖానా అని పలక కట్టి ఉంటుంది. షాదీ అంటే ముందు సంతోషమనే అర్థం, పెళ్లి అన్న అర్థం తర్వాతిది. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న షాద్‌నగర్ పేరులోనూ అదే షాద్ ఉంది. నిజాం కొలువులో ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూలో, పారసీకంలో కవిత్వం రాసేవారు. షాద్ ఆయన కలం పేరు, ఆ పేరు మీదనే ఆ ఊరు. ఇకపై శభాష్ అన్నప్పుడల్లా మీకు షాద్‌నగర్ బస్సు గుర్తుకు వస్తే నన్ను తిట్టుకోకండి.

మా ఇంట్లో ఈ మాటను శభాష్ అని కాక, మొదటి అక్షరానికి దీర్ఘమిచ్చి "శాబాష్" అనేవారు. మా నాయనమ్మకు చదువు రాదు గాని, నేను బావినుంచి నీళ్లబిందె ఒలకకుండా తెచ్చిన రోజున "శాబాష్ బిడ్డా" అని వీపు మీద అరచేత్తో ఒక్కటి చరిచేది. ఆ చరుపు పడితేనే మెచ్చుకోలు పూర్తయినట్టు. చుట్టూ దక్కనీ ఉర్దూ వినబడే ఊళ్లలో మూలానికి దగ్గరగా ఉన్న దీర్ఘం నిలిచిందని, కోస్తా వైపు అది కురచబడిందని నాకు అనిపిస్తుంది.

శబ్దప్రియ (సోమవారం, ఉదయం 10:30)

క్షమించాలి, నాకు ఒక చిక్కు కనబడుతోంది. మూలం షాబాష్ అయితే అందులో ఉన్నది ఒత్తు లేని బకారం. మరి తెలుగులో శభాష్ అని భకారం ఎక్కడినుంచి వచ్చింది? శుభ శబ్దంలోని భకారమే అది అంటే చిక్కు తేలికగా విడిపోతుంది కదా. పారసీక మూలం చెప్పేవారు ఈ భకారానికి జవాబు చెప్పకుండా దాటవేయకూడదు.

పాతపుస్తకం (సోమవారం, మధ్యాహ్నం 1:20)

శబ్దప్రియ గారి ప్రశ్న న్యాయమైనది. నా జవాబు మూడు ముక్కలుగా చెబుతాను.

ఈ మాట ఒక్క తెలుగులోనే లేదు. హిందీలో శాబాశ్, మరాఠీలో శాబాస్, బెంగాలీలో శాబాశ్, పంజాబీలో దాన్ని ఇంకా నలిపి షావా అంటారు. వీటిలో ఎక్కడా భకారం లేదు. శుభాశీస్సే మూలమైతే ఉత్తర భారత భాషలన్నీ ఏకమై భకారాన్ని వదిలేసి, సంస్కృతానికి బయటిదైన తెలుగు ఒక్కటే దానిని భద్రంగా దాచుకొన్నదని నమ్మవలసి వస్తుంది. అది జరిగే పని కాదు.

ఇక భకారం సంగతి. కన్నడంలో ఈ మాటను శహబ్బాస్ అంటారు, అంటే నడుమ ఒక హకారం చేరింది. రాజుకు పర్యాయమైన షా అనే మాట ఇందులో ఉన్నదని జనం ఊహించుకోవడం వల్ల ఆ హకారం చేరి ఉండవచ్చు. హకారం, బకారం పక్కపక్కన చేరి కలిసిపోతే భకారం రావడంలో వింత ఏమీ లేదు. శహబాసు, శభాసు, శభాష్ అన్న వరుస నాకు సహజంగా తోస్తుంది.

అసలు ఆనందంతో అరిచే మాటకు ఒత్తు తగిలించడం మనకు అలవాటు. భేష్ అనే మాటను చూడండి. అదీ పారసీకమే. ఎక్కువ అనే అర్థమిచ్చే బేష్‌కు మనం ఒత్తు పెట్టి భేష్ అన్నాము, దానిమీద భేషుగ్గా, భేషైన అని మన ప్రత్యయాలు కట్టుకొన్నాము. శుభ శబ్దం భేష్‌లోకి రాలేదు కదా! అర్థానికి, అర్ధానికి తేడా చూడక రాసే జాతి మనది. ఒత్తు ఉన్నదా లేదా అన్నదానిని బట్టి పదాల పుట్టుక తేల్చబోతే నవ్వులపాలవుతాము.

శబ్దప్రియ (సోమవారం, మధ్యాహ్నం 1:55)

భేష్ ఉదాహరణతో నా నోరు మూతపడింది. ఒప్పుకొంటున్నాను. అయితే భళా, భళి అనేవి కూడా పారసీకమే అనరు కదా?

పాతపుస్తకం (సోమవారం, మధ్యాహ్నం 2:10)

అనను. సంస్కృతంలోని భద్ర శబ్దం ప్రాకృతంలో భల్ల అయింది, హిందీ, మరాఠీలలో భలా అయింది, మనకు భళా, భళి, భళిరా, భలే అయింది. అక్కడి భకారం మాత్రం పుట్టుకతో వచ్చిన అసలు భకారమే. శభాష్‌కు భకారం రావడంలో ఈ భళా పక్కన నిలబడిన ప్రభావం కూడా కొంత ఉండవచ్చునని నా ఊహ. అచ్చతెలుగులో మెచ్చుకోవాలంటే మేలు, బాగు, లెస్స అన్నవి ఉండనే ఉన్నాయి.

హోసూరు తెలుగు (సోమవారం, సాయంత్రం 6:40)

మాది తరతరాలుగా తమిళనాడులో ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో శభాష్ అంటాము, వీధిలోకి వెళితే అదే మాటను సబాష్ అంటాము. భేష్‌ను కూడా తమిళులు "పేష్, పేష్" అని జంటగానే అంటారు, అదీ ఎక్కువగా కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేటప్పుడు. తమిళ లిపిలో ఒత్తక్షరాలు లేవు గనుక అక్కడ భకారం గొడవే పుట్టలేదు. శబ్దప్రియ గారు తమిళులై ఉంటే ఈ చర్చ సగం తగ్గి ఉండేది.

ఒక సంగతి గమనించాను. 1958లో వచ్చిన ఒక తమిళ చిత్రంలో ఇద్దరు నర్తకీమణులు పోటీపడి ఆడుతుంటే ప్రతినాయకుడు ఆసనంలో కూర్చొని సబాష్ అంటాడు. అరవై ఏళ్లు దాటినా తమిళదేశంలో ఆ మాట జనం నోట నలుగుతూనే ఉంది. చూడండి, అక్కడ కూడా సబాష్ అన్నవాడు కూర్చొని ఉన్నాడు, అనిపించుకొన్నవారు చెమటోడ్చి ఆడుతున్నారు. మాస్టారి విషయంలో పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పినది దీనికి దగ్గరగానే ఉంది.

తెరవెనుక (సోమవారం, రాత్రి 10:25)

నేను పాతికేళ్లు పద్యనాటకాల్లో వేషాలు కట్టినవాడిని గనుక నాటకం వైపునుంచి నాలుగు మాటలు చెబుతాను.

ప్రేక్షకుడు నోరు తెరిచి మెచ్చుకోవడం గురించి భరతుడి నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో వివరంగా ఉంది. ప్రయోగం ఫలించినదని తెలియజేసే గుర్తులలో నోటితో వచ్చేవి కొన్ని: చిరునవ్వు, పెద్ద నవ్వు, ధర్మం పలికిన చోట "సాధు", ఆశ్చర్యం కలిగిన చోట "అహో", కరుణరసంలో "కష్టం" అనడం, చివరికి సభంతా ఒక్కసారి హోరెత్తడం. శరీరంతో వచ్చేవి వేరు: ఒళ్లు గగుర్పొడవడం, ఆసనంలోంచి లేవడం, ఒంటిమీది వస్త్రం తీసి నటుడికి ఇచ్చేయడం. అంటే ఆనాడే మెచ్చుకోలు మాట, ఇచ్చే చెయ్యి రెండూ పక్కపక్కనే నడిచాయన్నమాట.

శభాష్ విషయంలోనూ ఇదే జరిగింది. ఇరాన్‌లో, ఆర్మేనియాలో పెళ్లిళ్లలో ఆడేవారికి, వాద్యగాళ్లకు ఇచ్చే డబ్బునే షాబాష్ అంటారు. మెచ్చుకొనే మాటే మెచ్చి ఇచ్చే సొమ్ముకు పేరైంది. ఇది చదివినప్పుడు నాకు మా ఊళ్ల చదివింపులు కళ్లముందు మెదిలాయి. నాకు పదిహేనేళ్ల వయసులో, రాత్రి రెండు గంటలప్పుడు, పెట్రోమాక్స్ దీపం చుట్టూ పురుగులు ముసురుతుండగా, నేను పాడిన పద్యానికి ఒక రైతు గోచీపంచె ఎగగట్టి వేదిక ఎక్కి, రొంటిన దోపుకొన్న రెండు రూపాయల నోటు తీసి, చెమటతో తడిసిన నా పట్టుచొక్కా మీద గుండుసూదితో గుచ్చి, "శభాష్‌రా అబ్బాయి" అన్నాడు. సూది కొంచెం లోపలికే దిగింది. నేను కిమ్మనకుండా తర్వాతి పద్యం ఎత్తుకొన్నాను. హాస్యగాడు వెంటనే ముందుకు వచ్చి, ఇచ్చినవాడి పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పి, రెండు రూపాయలను రెండు వేలన్నంత గొప్పగా చాటాడు. ఆ నోటు నాకు దక్కలేదు, మేళం పెట్టెలోకి వెళ్లింది. గుండుసూది మాత్రం నా దగ్గర చాలా రోజులు ఉంది.

బుర్రకథలో ఈ మెచ్చుకోలు బయటివారికి వదిలిపెట్టరు. తంబురా మీటే కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకొన్న ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు ఒక ఘట్టం ముగించి ఊపిరి తీసుకొనే చోట వంతలు "మేలు భళా" అనో "శభాష్" అనో అందుకొంటారు. వినేవాడికి అది ప్రశంసలా వినబడుతుంది, కథకుడికి మాత్రం అది గుక్క తిప్పుకొనే వ్యవధి. గుంటూరు జిల్లా పొన్నెకల్లువారైన షేక్ నాజర్ గారు, 1986లో పద్మశ్రీ అందుకొన్నవారు, ఆ కళను ఏ ఎత్తుకు తీసుకువెళ్లారో నేను చెప్పనక్కరలేదు.

వోల్గా ఒడ్డు (మంగళవారం, తెల్లవారుజామున 1:10)

రష్యాలో వైద్యం చదువుతున్నాను. ఒక చిన్న హెచ్చరిక మాత్రం. ఇక్కడ "షబాష్" అంటే శభాష్ కాదు, "ఇక పని చాలు, కట్టిపెట్టండి" అని. యూదుల విశ్రాంతిదినాన్ని సూచించే హీబ్రూ మాటనుంచి వచ్చినదట, మన మాటతో సంబంధం లేదు. మొదటి సంవత్సరంలో మా గది మరమ్మతు చేయడానికి వచ్చిన ముసలాయన గోడకు సున్నం చక్కగా వేస్తుంటే, మెచ్చుకోబోయి శభాష్ అన్నాను. ఆయన గడియారం చూసుకొని, కుంచె బకెట్లో పడేసి, చేతులు తుడుచుకొని వెళ్లిపోయాడు. మిగిలిన సగం గోడ మరుసటి వారం వరకు అలాగే ఉంది.

మూసీతీరం (మంగళవారం, ఉదయం 6:50)

తమ్ముడూ, పొద్దున్నే టీ పొలమారింది నీ వల్ల.

నల్లరేగడి (మంగళవారం, ఉదయం 9:00)

అందరూ మనుషుల సంగతే చెబుతున్నారు. మా ప్రకాశం జిల్లాలో శభాష్ ఎక్కువగా వినేది ఎద్దులు. బండలాగుడు పందెంలో జత బండను గీత దాటించిన మరుక్షణం, తోలినవాడు పగ్గం వదిలి ముందుకు పరుగెత్తి, ఎద్దు మూపురం నిమిరి, మెడకింద వేలాడే గంగడోలును రెండు చేతులా పట్టుకొని "శభాష్‌రా నా తండ్రీ" అంటాడు. మా తాతకు నాగలి దున్నేటప్పుడు నోటినిండా బూతులే. సాయంత్రం కాడి దించాక మాత్రం చల్లటి నీళ్లతో ఎద్దుల మెడలు కడుగుతూ శభాష్, శభాష్ అని గొణిగేవాడు. పనిలో ఉన్నంతసేపు అదిలింపు, పని ముగిసినాక శభాష్. ఆ వరుస ఎప్పుడూ తప్పేది కాదు.

నిర్వాహకురాలు (మంగళవారం, మధ్యాహ్నం 12:15)

చర్చ బాగా సాగుతోంది. గుండ్లకమ్మ గారి రెండవ ప్రశ్నకు ఇంకా సూటిగా జవాబు రాలేదని గుర్తుచేస్తున్నాను. చిన్నవారు పెద్దవారిని శభాష్ అనవచ్చునా, కూడదా?

పాతపుస్తకం (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

మాట పుట్టుకలో ఆ నియమం లేదని నా అభిప్రాయం. రూదకీ షాద్ బాష్ అన్నది రాజు ఏలే నగరాన్ని, రూమీ అన్నది తనకంటే ఎంతో గొప్పదిగా తలచిన ప్రేమను. వీటిలో ఏదీ కవికంటే చిన్నది కాదు. బాష్ అనేది ఏకవచనమే, అంటే "ఉండు" గాని "ఉండండి" కాదు, నిజమే; కాని కవులు రాజులను, దేవుళ్లను ఏకవచనంలోనే పిలుస్తారు. మన భక్తకవులు రాముడిని ఎప్పుడైనా "రండి, కూర్చోండి" అన్నారా?

ఈ మాట మన నేలకు వచ్చిన దారిలో వరుస మారిందని అనుకొంటాను. పారసీకం మన ప్రాంతంలో కొలువుల భాషగా, దస్తావేజుల భాషగా నిలిచింది. పదిహేనో శతాబ్దపు తొలినాళ్లలోనే రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయకు అరబీభాష, తురుష్కభాష వచ్చునని శ్రీనాథుడు భీమఖండంలో పొగిడాడు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి (1518 నుంచి 1687 వరకు) ఆ పరిచయం ఊళ్లలోని కరణాల వరకూ దిగింది. ఆ కాలంలోనే గోల్కొండ ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను అచ్చతెలుగులో రాసి అంకితమివ్వడం మరో విచిత్రం. కొలువులో శభాష్ అనేవాడు గద్దె మీద ఉంటాడు, అనిపించుకొనేవాడు కింద చేతులు కట్టుకొని నిలబడతాడు. అర్థం సంతోషమే అయినా, మనవారు ఆ మాటను విన్నది పైనుంచి కిందికి పడుతుండగా. ఆ వాలు దానికి అలాగే అంటుకొన్నది.

శబ్దప్రియ (మంగళవారం, సాయంత్రం 5:05)

ఈ వాలును తెలుగు వ్యాకరణమే పట్టిస్తుంది. శభాష్ పక్కన ఏ సంబోధనలు కుదురుతాయో పలికి చూడండి. "శభాష్‌రా", "శభాష్ తల్లీ", "శభాష్ బిడ్డా", "శభాష్ తమ్ముడూ" అన్నవి నోటికి హాయిగా వస్తాయి. "శభాషండీ" అని చూడండి, నాలుక మొరాయిస్తుంది. "భేషండీ", "బాగుందండీ" అన్నప్పుడు ఆ ఇబ్బంది లేదు. "అండీ"ని చేర్చుకోని మాట పెద్దలకు పనికిరాదని నిఘంటువు చెప్పనక్కరలేదు.

మన పాత సినిమా పేర్లూ ఇదే చెబుతాయి. 1959లో శభాష్ రాముడు, 1961లో శభాష్ రాజా, 1964లో శభాష్ సూరి. రాముడు, సూరి అని ఇంటివాడిని పిలిచినట్టు పిలవడమే గాని, శభాష్ పక్కన ఎవరూ గారు తగిలించలేదు. పత్రికలవారు "శభాష్ కలెక్టర్" అని శీర్షిక పెడతారు; పత్రిక తనను తాను జనానికి పెద్దదిక్కుగా భావించుకొంటుంది గనుక దానికి చెల్లుతుంది. ఇదే మాటను కాస్త సాగదీసి "శభా...ష్, మంచి పనే చేశావు" అంటే తిట్టు. పాలగిన్నె ఒలకబోసిన పిల్లవాడికి ఆ తేడా మూడేళ్లకే తెలుస్తుంది.

గుండ్లకమ్మ గారూ, శుభాశీస్సు మూలం తప్పని నేను నిన్న ఒప్పుకొన్నాను గాని, ఆ సందేశం రాసినవారికి వాడుకలోని దీవెన మాత్రం సరిగ్గానే వినబడిందని ఇప్పుడు అంటాను.

గుండ్లకమ్మ (మంగళవారం, సాయంత్రం 7:20)

అయితే నేను ఏమని ఉండవలసింది? జోహార్ మాస్టారూ అని ఉంటే సరిపోయేదా?

మూసీతీరం (మంగళవారం, సాయంత్రం 7:32)

అయ్యో, ఆ పని మాత్రం చేయకండి! జార్ఖండ్‌లో జోహార్ అంటే రోజూ ఎదురుపడ్డవారికి పెట్టే నమస్కారమే. మన దగ్గర మాత్రం అది అమరవీరుల స్తూపాలకు, దండ వేసిన పటాలకు పరిమితమైపోయింది. ఎనభై ఏళ్ల మనిషిని నిండుసభలో జోహార్ అంటే శభాష్ కంటే పెద్ద గొడవ అయ్యేది.

తెరవెనుక (మంగళవారం, రాత్రి 9:45)

పద్యం పాడినవారికి చెల్లవలసిన మాట ఒకటే, "వన్స్ మోర్". మాట ఇంగ్లీషుదే అయినా మన నాటకాల్లో దానిని మించిన సన్మానం లేదు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన కుటుంబ నాటక సమాజాలనుంచి ఊరి పందిళ్ల వరకు, రాయబారం ఆడినచోటల్లా ఆ కేక పడవలసిందే. అందులో పైనా లేదు, కిందా లేదు. వినేవాడు అడిగేవాడవుతాడు, పాడేవాడు ఇచ్చేవాడవుతాడు. శభాష్ తీర్పు, వన్స్ మోర్ యాచన. కృష్ణుడి వేషగాడు ఒక్క పద్యాన్ని మూడుసార్లు పాడిన రాత్రి దుర్యోధనుడు కిరీటం ఒళ్లో పెట్టుకొని కునుకు తీసిన సంగతి నాకు స్వయంగా తెలుసు, ఎందుకంటే ఆ దుర్యోధనుడిని నేనే.

భరతుడిని మళ్లీ ఒక్కసారి తలచుకోనివ్వండి. ఆయన చెప్పిన సాధు, అహో అన్నవన్నీ మనుషులకు సంబంధించిన సిద్ధి. దానికి పైన దైవికమైన సిద్ధి ఒకటి ఉంది. రంగం నిండుగా ఉండి, చప్పుడు లేక, కలత లేక, ఏ ఉత్పాతమూ లేక సాగితే అది దైవసిద్ధి. గుండ్లకమ్మ గారు రాగం ముగియకముందే అరిచారని మొదటి టపాలో రాశారు. చిన్నా పెద్దా మాట ఎలా ఉన్నా, ఆ రాగాన్ని ముగియనివ్వవలసింది అనే నా చిన్న ఫిర్యాదు.

గుండ్లకమ్మ (గురువారం, రాత్రి 8:50)

రెండు రోజులు ఇటు రాలేకపోయాను. అందరి మాటలూ చదువుకొని, నిన్న సాయంత్రం అరటిపండ్లు తీసుకొని మాస్టారి ఇంటికి వెళ్లాను. వరండాలో కుర్చీ వేసుకొని రేడియో వింటున్నారు. కాళ్లకు దండం పెట్టి, ఆ రోజు నోరుజారి శభాష్ అన్నందుకు మన్నించమన్నాను. షాద్ బాష్ సంగతి, రూదకీ సంగతి, జోళ్లు లేకుండా గుర్రమెక్కిన రాజు సంగతి చెబితే కళ్లు మూసుకొని విని, ఆ రాజు భాగం మళ్లీ చెప్పించుకొన్నారు.

తర్వాత ఇలా అన్నారు: "నువ్వు చిన్నవాడివి, నేను పెద్దవాడిని అని నాకేమీ తట్టలేదురా. ఆ రోజు గొంతు కుదిరింది. ఇంకో రెండు పద్యాలు పాడదామని లోపల వరుస కట్టుకొన్నాను. నువ్వు శభాష్ అన్నావు. బళ్లో నేను మీ పలకలు చూసి శభాష్ అంటే ఏమిటి అర్థం? అయింది, ఇక వెళ్లి కూర్చో అని. అందుకని దిగిపోయాను. వన్స్ మోర్ అని ఉంటే ఎంత బాగుండేది!"

రేడియో కట్టేయించి, మిగిలిపోయిన ఆ రెండు పద్యాలు వరండాలోనే పాడించుకొని వచ్చాను. ఈసారి రాగం పూర్తిగా ముగిసేదాకా నోరు మెదపలేదు.

వోల్గా ఒడ్డు (గురువారం, రాత్రి 11:58)

అంటే మాస్టారు రష్యన్ అర్థమే తీసుకొన్నారన్నమాట.